ఆకాశధూళిని భూమి చేర్చుకొను విధము



మార్గశీర్షమాసమున తెల్లవారుజామున లేచి, వాకిట కల్లాపి చల్లుటకు వెలుపలికి వచ్చిన తల్లులు ఆకాశమున ఒక వెలుగుగీత జారిపోవుట చూచి, "చుక్క రాలినది, ఎవరికో కాలము తీరినది" అని గుండె పట్టుకొనుట మన దేవరకొండ ప్రాంతమున నేటికిని కలదు. ఆ చూచినది ఇంట జబ్బుపడినవారు ఉన్న నాడైనచో ఆ భయమునకు మేర లేదు. ఇట్టివారు పలువురు మా యొద్దకు వచ్చి, శాంతి చేయింపవలెనా, చేయింపవలెనన్న ఎంత వ్యయమగును అని అడుగుచుందురు. అప్పు తెచ్చియైనను చేయించెదమని పలికిన కాపులను కూడ మేము చూచినారము. వారికి సమాధానము చెప్పుటకు ముందు, రాలునది యేమి, అది ఎందులకు రాలుచున్నది అను రెండు సంగతులు తెలిసికొనవలెను. అందువలన ఈ దినము శాస్త్రవిచారమునే ముందుగా పెట్టుకొనుచున్నాము.

రాలునది నక్షత్రము కాదు. అశ్విని మొదలుకొని రేవతి వరకు మనము పంచాంగమున చదువుకొను 27 నక్షత్రములలో ఒక్కటియు రాలిపోలేదు. రాత్రి చుక్క రాలినదని భయపడినవారు మరునాటి రాత్రి కృత్తికలను లెక్కించుకొనిన చాలును. నిన్న నున్నవన్నియు నేడును ఉండును. నక్షత్రము లన్నవి మన సూర్యుని వంటివే. వానిలో ఒకటి వచ్చి భూమిపై పడుట యన్నది ఆవగింజపై కొండ పడుట వంటిది. పడిన పిదప చూచి చెప్పుటకు ఎవరును మిగులరు. మనము చూచునది ఇసుకరేణు వంతయు, మించిన ఆవగింజ యంతయు ఉండు ధూళికణము. అది సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగముతో మన గాలిపొరలో ప్రవేశించి, 80 మొదలు 110 కిలోమీటర్ల యెత్తున కాగి, ఆవిరియై వెలుగును. దేవరకొండనుండి హైదరాబాదు ఎంత దూరమో ఇంచుమించు అంత యెత్తున జరుగు సంగతి యది. రేణువు చిన్నదైనను వేగము మిక్కుటము గనుక అంతటి వెలుగు. ఆ వెలుగు చాలమారు ఒక సెకనుకు మించి నిలువదు.

ఈ ధూళి ఎచ్చటిది? తోకచుక్కలు సూర్యుని సమీపించినపుడు వాని మంచు ఆవిరి యగుచు, అందు చిక్కుకొనియున్న ధూళిని వెదజల్లును. కుజ గురుల నడుమ తిరుగు గ్రహశకలములు ఒండొంటితో ఢీకొనినపుడు కూడ ధూళి పుట్టును. ఈ రెండు విధముల ధూళియు కలిసి సూర్యుని చుట్టును పలుచని పళ్ళెమువలె పరచుకొనియున్నది. ఇది మాటవరుసకు చెప్పునది కాదు, కంటికి కనబడునదే. ఫిబ్రవరి, మార్చి నెలలలో చంద్రుడు లేని సాయంకాలము, సూర్యాస్తమయమైన గంటన్నరకు, ఊరి దీపములకు దూరముగా మన కొండకు ఆవలివైపున నిలిచి పడమటి దిక్కు చూడుడు. దిగంతమునుండి పైకి లేచి, పోనుపోను సన్నగిలుచున్న గోపురమువంటి మసక వెలుగు కనబడును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అదియే అరుణోదయమునకు ముందు తూర్పున కనబడును. దానిని చూచి తెల్లవారినదని భ్రమపడి పశువులను విప్పినవారు కూడ కలరు. అది ఉషస్సు కాదు. రాశిచక్రము వెంబడి పరచుకొనిన ధూళిపై సూర్యకాంతి పడి మెరయుట.

ఈ ధూళికణములు సూర్యుని చుట్టును తిరుగుచు ఒకే చోట నిలిచియుండవు. వానలో ముందుకు పరుగెత్తువానికి చినుకులు ముఖమునకు ఎక్కువగా తగులును గదా. అట్లే సూర్యుని చుట్టు పరుగెత్తు రేణువునకు సూర్యకాంతి రవంత ఎదురుగా తగిలి, దాని వేగమును మిక్కిలి మెల్లగా హరించును. పాయింటింగు, రాబర్ట్‌సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని లెక్కగట్టిరి. వేగము తగ్గిన రేణువు వేలకొలది సంవత్సరములలో సుడులు తిరుగుచు సూర్యునివైపు జారును. ఆ జారుటలో దాని మార్గము ఇంచుమించు గుండ్రని దగును. మన భూమి మార్గమును దాటు సమయమునకు అది భూమితో కూడ ఇంచుమించు ఒకే దిక్కునకు, ఒకే వేగముతో పోవుచుండును. అనగా భూమికి అది నెమ్మదిగా దగ్గరకు వచ్చుచున్నట్లు తోచును. ఈ నెమ్మదియే ప్రధానము. తరువాతి విషయమంతయు దీనిమీద ఆధారపడియున్నది.

భూమి ఈ ధూళిని ఎట్లు చేర్చుకొనును? భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు. ఆకర్షణ యన్నదే లేకుండిన, భూమి తనకు సూటిగా ఎదురైన రేణువులను మాత్రమే పట్టుకొని, ప్రక్కనుండి పోవువానిని పోనిచ్చును. కాని భూమికి ఆకర్షణ కలదు గనుక, ప్రక్కనుండి పోదలచిన రేణువు మార్గము భూమివైపు వంగును. చాలినంత వంగినచో అది తప్పించుకొనలేక వచ్చి పడును. అందువలన భూమి తన శరీరముకంటె పెద్దదైన వలను అంతరిక్షమున పరచినట్లు అగుచున్నది.

ఆ వల ఎంత పెద్దది? ఇది రేణువు బరువుపై ఆధారపడదు. కళ్ళములో తూర్పారబట్టునపుడు గాలి పొట్టును దూరముగా కొట్టును, గింజ దగ్గరనే పడును. అచ్చట బరువుకు లెక్క కలదు. ఆకర్షణ యట్లు కాదు. అది ఆవగింజ మార్గమును, బండరాతి మార్గమును ఒక్కతీరుననే వంచును. ఇచ్చట లెక్కకు వచ్చునది వేగమొక్కటే. జాతరలో తల్లి చేతికి మెల్లగా నడచు బిడ్డ చిక్కును; పరుగెత్తు బిడ్డ చేయి తగిలియు జారిపోవును. రేణువు సంగతియు అంతే.

లెక్క తెలియగోరు విద్యార్థుల కొరకు కొంచెము చెప్పుచున్నాము. తక్కినవారు ఓపిక పట్టవలెను. భూమినుండి ఒక వస్తువు మరల రాకుండ పోవలెనన్న సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగము కావలెను. ఈ సంఖ్యను, దూరముననున్నపుడు రేణువునకు గల వేగముతో భాగించి, వచ్చినదానిని వర్గించి, ఒకటి కూడవలెను. అన్ని రెట్లు భూమి వల పెద్దదని అర్థము. దూరమున సెకనుకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు తోకచుక్క ధూళి విషయమున వల నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే పెరుగును; అనగా ఆకర్షణ ఉన్నను లేనట్లే. 30 కిలోమీటర్ల వేగమైన నూటికి 14 పాళ్ళు. 11.2 అయిన సరిగా రెండు రెట్లు. 5.6 అయిన ఐదు రెట్లు. 3 కిలోమీటర్లే అయిన ఇంచుమించు 15 రెట్లు! ఇందాక చెప్పిన నెమ్మదియైన ధూళి ఇచ్చట పనికి వచ్చుచున్నది. అంతరిక్షమున వేగవంతములును, మందగాములును కలసియున్నను, భూమి వలలో మందగాములకే పెద్దపీట.

ఇచ్చట ఒక బాలిక మమ్ములను అడిగిన ప్రశ్న చెప్పక తప్పదు. ఆ బిడ్డ తొమ్మిదవ తరగతి చదువుచున్నది. "తాతగారూ, భూమి అన్నిటిని లాగుచుండిన, లాగబడినవన్నియు భూమి చుట్టు తిరుగుచు ఉండిపోవలెను గదా? శనికి వలె మనకును వలయము ఏల లేదు?" అని అడిగినది. పెద్దలకు తోచని ప్రశ్న. ఉయ్యాలను చూడుడు. పైనుండి క్రిందికి వచ్చునపుడు వేగము పుంజుకొనును. ఆ వేగముతోనే ఆవలివైపున అంతే యెత్తునకు ఎక్కును, నడుమ ఆగదు. దూరమునుండి వచ్చు రేణువు కూడ భూమిని సమీపించుకొలది వేగము పొందును, దాటిపోవునపుడు అంత వేగమును తిరిగి యిచ్చివేయును, వచ్చిన దారినే కాకున్నను వచ్చినంత వేగముతో వెళ్ళిపోవును. ఆకర్షణ యొక్కటే దానిని వంచగలదు గాని కట్టివేయజాలదు. కట్టివేయుటకు రాపిడి కావలెను. ఆ రాపిడిని మన గాలిపొర కల్పించుచున్నది. కావున ధూళిని భూమివైపు త్రిప్పునది ఆకర్షణము, పట్టి ఆపునది వాయువు. దూరమునుండి వచ్చునది ఎంత నెమ్మదిగా బయలుదేరినను, మన గాలిని తాకు వేళకు దానికి 11 కిలోమీటర్లకు తగ్గని వేగముండుటకు కూడ ఇదియే కారణము. ఆ వేగము భూమి యిచ్చినదే.

భూమికి ఆకర్షణశక్తి కలదని మన సిద్ధాంతగ్రంథములలో ఉన్నదా యని కొందరు అడుగుదురు. ఉన్నది. భాస్కరాచార్యులవారు 1150వ సంవత్సరమున రచించిన సిద్ధాంతశిరోమణి యందలి గోళాధ్యాయమున, భూమి తన శక్తిచే ఆకాశమందలి బరువైన వస్తువును తనవైపు లాగుకొనుననియు, మనకు అది పడుచున్నట్లు కనబడుననియు స్పష్టముగా చెప్పియున్నారు. అన్ని దిక్కులను సమముగా ఆకాశమే యుండగా భూమి తాను ఎచ్చటికి పడును అని యెదురు ప్రశ్న కూడ వేసినారు. ఎంతటి నిశితమైన బుద్ధి! అయితే దూరము రెట్టింపైనపుడు ఆ శక్తి నాలుగవ వంతు అగునని కొలిచి చెప్పినది 1687లో న్యూటను మహాశయుడు. ఆకర్షణ గలదనుట వేరు, ఎంత గలదని లెక్కించుట వేరు. రెండవది కూడ మనవారిదే యని వేదికలెక్కి చెప్పువారిని మేము ఎరుగుదుము. చప్పట్లు కూడ మ్రోగును. భాస్కరాచార్యులకు ఆ అప్పుసొమ్ము అక్కరలేదు. ఆయన చెప్పినది ఆయనకు చాలును.

ఇంక ఈ ఆకర్షణయే భూమిని పెంచిన విధము వినదగినది. సుమారు 454 కోట్ల సంవత్సరములకు పూర్వము, సూర్యుడు పుట్టిన క్రొత్తలో, చుట్టునున్న పళ్ళెమున ధూళి నేటికంటె ఎన్నియో రెట్లు దట్టముగా నుండెను. ధూళికణము ధూళికణమును ఆకర్షణచే లాగుకొనజాలదు. ఆ శక్తి అంత స్వల్పము. మొదట అవి మంచము క్రింద దుమ్ము ఉండలు కట్టినట్లు ఒండొంటికి అంటుకొనినవి. మన దేవరకొండ దుర్గము ఉన్న కొండను భూమినుండి పెకలించి అంతరిక్షమున నిలిపినట్లు ఊహించుడు. ఒక కిలోమీటరు అడ్డుకొలత గల అట్టి రాతిముద్దనుండి తప్పించుకొనుటకు సెకనుకు అరమీటరుకంటె కొంచెము ఎక్కువ వేగము చాలును. దానిమీద నిలిచి చంటిపిల్లవాడు గులకరాయి విసరినను మరల రాదు. అంతటి కొండకు ధూళిని చేర్చుకొను బలము లేదన్నమాట. కాని అట్టి కొండలు వేలు లక్షలు కలియగా, ఒకటి కొంచెము పెద్దదైనచో కథ మారిపోవును. దాని వ్యాసము రెట్టింపైనపుడు దాని బరువు 8 రెట్లగును. నెమ్మదిగా వచ్చువానిని పట్టు వల మాత్రము 16 రెట్లగును. తిండి బరువుకంటె వేగముగా పెరిగినచో ఏమగును? పెద్దది మరింత త్వరగా పెద్దదై, ప్రక్కవారి భాగమును కూడ తినివేయును. ఇట్లు కోట్ల సంవత్సరములలో, కోట్ల కొండలనుండి, లెక్కపెట్టదగిన కొలది గ్రహములు మిగిలినవి. మన కాలిక్రింది నేల ఆనాడు చేరిన ధూళియే. దేవరకొండ చుట్టుపట్ల గల నల్లరాతి, ఎర్రరాతి గుట్టలలో పెక్కింటి వయస్సు 250 కోట్ల సంవత్సరములు. ఆ ధూళి కరగి, గడ్డకట్టి, మరల కరగి ఇట్టి రూపు దాల్చినది.

454 కోట్లు అనగానే కొందరు, "బ్రహ్మకు పగలు 432 కోట్ల సంవత్సరములు గదా, సరిపోయినది" అని సంతోషింతురు. తొందరపడరాదు. మన సంకల్పము ప్రకారము ఈ శ్వేతవరాహకల్పమున గడచినది సుమారు 197 కోట్లు మాత్రమే. మన గుట్టల వయస్సే అంతకు మించియున్నది. ఒక సంఖ్య మరియొక సంఖ్యకు దగ్గరగా నున్నంత మాత్రమున రెండును ఒక్క వస్తువును చెప్పుచున్నవని అనరాదు. కల్పగణన గ్రహచారగణితము కొరకు ఏర్పడినది. దానిని రాళ్ళ వయస్సుకు ముడిపెట్టుట ఆ గణితమునకును మర్యాద కాదు, రాళ్ళకును మర్యాద కాదు.

గ్రహములలో బలవంతుడు గురుడు. ఆయననుండి తప్పించుకొనుటకు సెకనుకు 59.5 కిలోమీటర్ల వేగము కావలెను. సెకనుకు 6 కిలోమీటర్ల వేగముతో దగ్గరకు వచ్చు రేణువునకు ఆయన వల ఇంచుమించు నూరు రెట్లు. 1994 జూలై 16 మొదలు 22 వరకు షూమేకర్-లెవీ అను తోకచుక్క యొక్క ముక్కలు ఇరువదికి పైగా వరుసగా గురునిపై పడుట లోకమంతయు చూచినది. అంతకు రెండేండ్ల క్రిందట ఆ తోకచుక్క ఆయనకు మిక్కిలి సమీపమునుండి పోగా, ఆయన ఆకర్షణయే దానిని ముక్కలు చేసినది. గురుడు ఇట్లు మనకు రావలసిన ఆపదలను తానే మ్రింగి కాపాడుచున్నాడని చెప్పుట వినుటకు బాగున్నది. కాని ఆయన కొన్నిటిని మ్రింగుచున్నట్లే మరికొన్నిటిని మనవైపు విసరుచునున్నాడు. శని వలయములలో తిరుగు పాన్, అట్లాస్ అను చిన్న చంద్రులను కాసీని అను అంతరిక్షనౌక దగ్గరనుండి చిత్రించినది. అవి వలయమందలి రేణువులను తమ నడుము చుట్టును చేర్చుకొని, అంచు తిప్పిన కజ్జికాయవలె ఉన్నవి. ధూళి చేరుట యన్న దానికి ఇంతకంటె ప్రత్యక్షమైన చిత్రము లేదు.

నేడు భూమిమీదికి ఎంత ధూళి వచ్చుచున్నది? దీనిని కొలిచిన విధము సొగసైనది. 1984లో అమెరికావారు ఒక ఉపగ్రహమును ఆకాశమున విడిచి, 1990లో దానిని తిరిగి క్రిందికి తెచ్చి, దాని రేకులపై పడిన సూక్ష్మమైన గుంటలను లెక్కించిరి. 1993లో వెలువడిన ఆ లెక్క ప్రకారము సంవత్సరమునకు సుమారు 40,000 టన్నులు. అటు ఇటు ఇరువది వేలు. అంటార్కిటికాలో మనుష్యసంచారము లేని మంచును కరగించి, వడపోసి, అందలి ఆకాశరేణువులను ఏరి లెక్కించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, ఆవిరికాక నేలను చేరునది సంవత్సరమునకు సుమారు 5,200 టన్నులని 2021లో ప్రకటించిరి. మిగిలిన దెక్కువ పాలు పైననే ఆవిరియై, పొగవలె మెల్లగా దిగును.

40,000 టన్నులనగా భయపడ నక్కరలేదు. భూమియంతట పంచిన చదరపు కిలోమీటరునకు సంవత్సరమునకు 80 గ్రాములు కూడ రాదు. ఎకరము చేనునకు గ్రాములో మూడవ వంతు. నుదుట పెట్టుకొను చిటికెడు కుంకుమ పాటి. భూమి బరువు దీనివలన రెట్టింపు కావలెనన్న పదునైదు వందల కోట్ల కోట్ల సంవత్సరములు పట్టును. అంతే కాదు. భూమి పుచ్చుకొనుచున్నదే గాని యిచ్చుట లేదని తలపరాదు. మిక్కిలి తేలికయైన ఉదజని వాయువు గాలిపొర పైయంచునుండి సెకనుకు సుమారు మూడు కిలోల చొప్పున అంతరిక్షమునకు పోవుచున్నది. సంవత్సరమునకు అది 90,000 టన్నులు దాటును. కూడికలు తీసివేతలు చూచుకొనిన, మన భూమి నేడు రవంత తరుగుచున్నదే గాని పెరుగుట లేదు!

ఇంక చుక్కలు తెల్లవారుజామున ఎక్కువగా ఏల రాలును? మన పెద్దలు బ్రాహ్మీముహూర్తమున లేచువారు గనుక వారికే ఎక్కువ కనబడినవని కొందరు హాస్యముగా అందురు. అది సగము నిజము. భూమి సూర్యుని చుట్టు సెకనుకు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. సూర్యోదయ సమయమున మనమున్న ప్రదేశము ఆ ప్రయాణమునకు ముందువైపునకు వచ్చును. సూర్యాస్తమయ సమయమున వెనుకవైపున నుండును. వానలో పోవు బస్సునకు ముందు అద్దముపై చినుకులు ఎక్కువ, వెనుక అద్దముపై తక్కువ. సాయంకాలము మనలను వెన్నంటి వచ్చి పట్టుకొనగలిగిన రేణువులే కనబడును. తెల్లవారుజామున ఎదురువచ్చునవియు, మనము పోయి తాకునవియు కూడ కనబడును. ఉదయమున వేగమును ఎక్కువ గనుక వెలుగును ఎక్కువ.

ఇది కంటితో చూచి చెప్పినది మాత్రమే కాదు. రాలు రేణువు గాలిని విద్యుత్కణములుగా చీల్చి, వెనుక ఒక సన్నని గీతను విడచును. రేడియోతరంగములు దానికి తగిలి తిరిగివచ్చును. మబ్బు పట్టినను, మిట్టమధ్యాహ్నమైనను ఆ ప్రతిధ్వని వినబడును. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఈ విధమైన పరిశోధన పూర్వమే జరిగినది. తిరుపతికి సమీపముననున్న గాదంకిలో 1024 ఏరియళ్ళను 130 మీటర్ల చదరమున పాతి నిర్మించిన రాడారు 1990 దశకము మొదటినుండి పై గాలిపొరలను పరిశీలించుచు, ఉల్కలను కూడ పట్టుచున్నది. ఉల్కల కొరకే ఏర్పడిన మరియొక రాడారు 2013లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున నెలకొనినది. ఆ గీతలు గాలికి కొట్టుకొనిపోవు తీరునుబట్టి 80 మొదలు 100 కిలోమీటర్ల యెత్తున గాలి ఎటు వీచుచున్నదో చెప్పుదురు. శ్రీవారి దర్శనమునకు పోవు మనకు ఆ ప్రక్కనే ఇట్టి పని జరుగుచున్నదని తెలియదు. హైదరాబాదునకును మనకును నడుమ, రంగాపురమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 48 అంగుళముల దూరదర్శినిని 1968లో నెలకొల్పిరని, 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చట పరిశీలించిరని కూడ చాలమందికి తెలియదు. ఆనాడు వీధులు నిర్మానుష్యములై యుండినవి గదా.

కొన్ని రాత్రులలో ఉల్కలు గుంపుగా వచ్చును. తోకచుక్క విడచిన ధూళి దాని మార్గమంతయు ఏరువలె పారుచుండగా, భూమి ఏటేట అదే తేదికి ఆ యేటిని దాటును. డిసెంబరు 13, 14 తేదులలో, ధనుర్మాసము ప్రవేశించుటకు రెండు మూడు దినములు ముందు, పునర్వసు నక్షత్రప్రాంతమునుండి వెదజల్లినట్లు వచ్చునవి అన్నిటిలో ఎక్కువ. చీకటి ఆకాశము క్రింద గంటకు నూరు వరకు చూడవచ్చును. నవంబరు 17 ప్రాంతమున, తరచుగా కార్తికమాసమున, మఖ నక్షత్రము గల సింహరాశి దిక్కునుండి మరియొక గుంపు వచ్చును. దానికి మూలమైన తోకచుక్క 33 సంవత్సరములకు ఒకమారు వచ్చును; 1833లో అమెరికాలో ఆ గుంపు వాన కురిసినట్లు కురిసినది. ఈ గుంపులు వేగవంతములు గనుక వీనిలో భూమ్యాకర్షణ పాత్ర తక్కువ. అవి ఎదురైనవే గాని లాగబడినవి కావు. లాగబడునవి ఏ గుంపునకును చెందక, ఏడాది పొడవునను నిశ్శబ్దముగా దిగు మందగాములు.

పెద్ద రాయి యైనచో పూర్తిగా కాలక నేలను చేరును. మన తెలుగునాట అట్టివి పడిన దాఖలాలు కలవు. 1852లో నెల్లూరు సీమలో పడిన రాయి, 1870లో ఉత్తరాంధ్రమున పడిన ఇనుపముద్ద లోకములోని ఉల్కాశిలల పట్టికలకు ఎక్కినవి. అయితే నల్లని రాయి కనబడినదల్లా ఆకాశమునుండి పడినది కాదు. మన గుట్టలలో గట్లవలె సాగిన నల్లరాయి ఇక్కడిదే. చేలలో దొరకు బరువైన, రంధ్రములు గల ముద్దలు పెక్కు పాతకాలపు కొలుములనుండి మిగిలిన ఇనుపచిట్టెము. ఉల్కాశిల యందు సాధారణముగా రంధ్రములుండవు. పైన కాగి ఏర్పడిన పలుచని నల్లని పొర మాత్రముండును. నిశ్చయము పరీక్షచేయువారిదే, వెల కట్టి అమ్మజూపువానిది కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో ఉల్కాలక్షణమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, ధిష్ణ్యము, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు భేదములు చెప్పినారు. స్వర్గమున పుణ్యఫలము ననుభవించి దిగివచ్చువారి రూపములు ఇవి యని ఆ గ్రంథము. గమనింపుడు: మన వాకిళ్ళలో అనుకొను మాటకు ఇది సరిగా వ్యతిరేకము. జనులు పోవువారిని తలచుచున్నారు. శాస్త్రకారుడు వచ్చువారిని తలచినాడు. అది యటుండ, ఆ సంహితలో చెప్పిన ఫలములు ప్రధానముగా రాజునకు, సేనకు, దేశమునకు సంబంధించినవి. జబ్బుపడిన ఒక గృహస్థుని ఆయుర్దాయమును, పెరటి మీదుగా జారిన ఒక చిన్న వెలుగుతో కట్టివేయు పద్ధతి అందు లేదు. చీకటి రాత్రి ఆకాశమును చూచువానికి గంటకు ఐదారు మామూలుగానే కనబడును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క శాంతి యన్న ఏ ఊరును అప్పులనుండి బయటపడదు. కావున మాకు తెలిసిన సమాధానము ఇది: చుక్క రాలినదని శాంతి అక్కరలేదు. ఆ సొమ్ముతో జబ్బుపడినవానిని నల్లగొండ తీసికొనిపోయి మంచి వైద్యునకు చూపింపుడు. మనశ్శాంతికి భగవన్నామము తలచుకొందురా, దానికి వ్యయము లేదు, మమ్ము అడుగ నక్కరయు లేదు.

చూడగోరువారికి ఒక మాట. డిసెంబరు 13 రాత్రి రెండుగంటలు దాటిన పిదప, వీధిదీపములు కానరాని చోట గొంగడి పరచుకొని వెల్లకిల పండుకొనవలెను. టార్చిలైటు, సెల్‌ఫోను వెలిగించినచో కన్ను చీకటికి అలవాటుపడదు. ఇరువది నిమిషములు ఓపిక పట్టవలెను. ఆ వేళకు పునర్వసు జంట నడినెత్తికి సమీపమున నుండును. ఏ దిక్కు చూచినను సరియే. పిల్లలను కూడ లేపుకొని పోవుడు, మంచు పడుచుండును గనుక తలకు గుడ్డ కట్టుడు.